చార్మినార్ గచ్చు నుంచి ఈఫిల్ టవర్ రంగు దాకా: పేరున్న కట్టడాలకు మరమ్మతు ఎట్ల చేస్తరు, ఎక్కడ చెడుతది?

గుల్జార్‌హౌజ్:
అందరికీ నమస్తే. 2019 మే నెలల చార్మినార్ మినార్ మీది సున్నపు నగిషీ ముక్క ఊడి కింద పడ్డది గద. ఎన్నిసార్లు బాగుచేసినా మళ్ల సున్నమే పూస్తున్నరు. గట్టిగ సిమెంటు కొట్టేస్తే ఒక్కసారికి పనైపోతది, ఎందుకు కొట్టరు? ఇంకోటి, ఈఫిల్ టవర్, తాజ్‌మహల్, లిబర్టీ విగ్రహం, పీసా టవర్, ఇసొంటి బొమ్మ చూడంగనే గుర్తుపట్టే కట్టడాలకు వాళ్లేం చేస్తరు? పని తెలిసినోళ్లు వివరంగ చెప్పుర్రి. పైపైన వద్దు. ఏం కలుపుతరు, ఎంత కలుపుతరు, ఏడ చెడుతది, అది కావాలె.

సున్నపుబట్టీ:
అన్నా, సిమెంటు కొడితే రేపు ఊడేది ఆ సిమెంటు ఒక్కటే కాదు. దాని వెనకున్న నాలుగొందల ఏళ్ల గచ్చు, అంటే సున్నపు పూత కూడా దాంతోపాటే వస్తుంది.

కారణం నీళ్లు. 1591 నాటి కట్టడం అది. గ్రానైటు రాళ్లను పట్టి ఉంచింది సున్నం, పైన నగిషీ సున్నం. వానాకాలంలో గోడ నీళ్లు తాగుతుంది, ఎండ కాయగానే ఆ తడి పూతలోంచే ఆవిరై బయటికి పోతుంది. సున్నపు పూత నిండా సన్నని రంధ్రాలు ఉంటాయి కాబట్టి తడికి దారి దొరుకుతుంది. పైన సిమెంటు పొర వేశారంటే ఆ దారి మూసుకుపోయినట్టే. లోపల నిలిచిన నీళ్లలో ముందే లవణాలు ఉంటాయి, సిమెంటు తన వంతుగా సోడియం, పొటాషియం లవణాలు కలుపుతుంది. ఆ తడి పూత వెనకాల ఆరినప్పుడు లవణం స్ఫటికాలుగా పెరిగి పాత గచ్చును పిండి చేస్తుంది. పైకి చూస్తే సిమెంటు నిక్షేపంగా ఉంటుంది, వేలి కణుపుతో కొడితే డొల్లగా మోగుతుంది. కొన్ని వానాకాలాలు గడిచాక పెచ్చు మొత్తం పలకలా లేస్తుంది.

రెండోది గట్టిదనం. ఎండకు గోడ కొంచెం సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. సున్నం మెత్తనిది, ఆ కదలికను తనలో ఇముడ్చుకుంటుంది. సన్నని పగుళ్లు వచ్చినా, వాన నీళ్లలో కరిగిన సున్నం వాటిలో చేరి మళ్లీ గడ్డకట్టి కొంతవరకు పూడుతుంది. సిమెంటు కదలదు. దాంతో పగులు సిమెంటులో కాకుండా పక్కనున్న పాత గచ్చులో వస్తుంది.

కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ చేపట్టిన పనిలో పెద్ద వంతు ఇదే. గుమ్మటాల మీద 20వ శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచి మళ్లీ సున్నం పూశారు. ఒలవడం పూయడం కన్నా కష్టం. డ్రిల్లు పెడితే కింది గచ్చు అదిరిపోతుంది, చిన్న ఉలి, చేతి సుత్తితో అంగుళం అంగుళం తీయాల్సిందే.

కోఠి_నుంచి:
సున్నపుబట్టీ గారూ, పాళ్లు చెప్పండి. బజారులో దొరికే సున్నం బస్తా తెచ్చి ఇసుక కలిపితే సరిపోతుందా? మేస్త్రీలు బెల్లం, కరక్కాయ అంటారు, వాటి అవసరం నిజంగా ఉందా?

సున్నపుబట్టీ:
మేడమ్, చార్మినార్ లాంటి వాటికి పాత గచ్చు నమూనా ల్యాబులో పరీక్షించి పాళ్లు తేలుస్తారు, అందరికీ ఒకే లెక్క ఉండదు. మామూలు పాత సున్నపు గోడకైతే నానబెట్టిన సున్నం 1 పాలు, ఇసుక 2, ఇటుక పొడి అంటే సుర్కీ 1. మొత్తం 1కి 3.

బస్తా సున్నం గురించి ఒక జాగ్రత్త. గాలి తగిలి నిలవున్న బస్తాలో సున్నం అప్పటికే చచ్చిపోయి ఉంటుంది, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని తిరిగి సుద్ద అయిపోయి ఉంటుంది. చెంచాడు తీసుకుని వెనిగర్ పోయండి. బుసబుసా పొంగితే ఆ బస్తా పూతకు పనికిరాదు. మంచి సున్నం పెద్దగా పొంగదు.

అసలు పద్ధతి రాళ్ల సున్నం తెచ్చి మనమే నానబెట్టడం. తొట్టిలో ముందు నీళ్లు పోసి, తర్వాత సున్నపు గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. గడ్డల మీద నీళ్లు పోయకూడదు, సలసలా కాగి మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు తప్పనిసరి, కంట్లో పడితే చూపే పోవచ్చు. చల్లారాక సన్న జల్లెడలో వడకట్టి, పైన రెండు మూడు అంగుళాల నీళ్లు నిలిచేలా కనీసం నెల ఉంచాలి. ఇక్కడ తొందరపడితే ఏమవుతుందంటే, ఎక్కువ కాలిన గడ్డలు లోపల నానకుండా మిగిలిపోతాయి. అవి గోడెక్కిన తర్వాత తడి తగిలినప్పుడు ఉబ్బుతాయి, పూత మీద బఠాణీ గింజంత గుంతలు పేలతాయి, గుంత అడుగున తెల్లటి చుక్క కనిపిస్తుంది. ఆ తెల్ల చుక్క కనిపిస్తే తప్పు మేస్త్రిది కాదు, నానబెట్టినవాళ్లది.

లెక్క: 10 చదరపు మీటర్ల గోడకు 12 మిల్లీమీటర్ల పూత అంటే 120 లీటర్ల గచ్చు. ముద్ద సున్నం ఇసుక సందుల్లోనే సర్దుకుంటుంది, కాబట్టి ఇసుక, సుర్కీ కలిపి 120 లీటర్లు, సున్నం 40 లీటర్లు. వృథాకు ఇంకో పదో వంతు చేర్చుకోండి. నీళ్లు వీలైనంత తక్కువ. ముద్ద ఆరినట్టు కనిపిస్తే నీళ్లు పోయకుండా ఇంకాసేపు నూరాలి. పాతకాలంలో గానుగలో డంగు సున్నం నూరింది అందుకే. నూరేకొద్దీ అదే నీటితో వెన్నలా అవుతుంది. నీళ్లు పోసి మెత్తబరిస్తే ఆరేటప్పుడు బీటలు తప్పవు.

గోడ ముందు రోజు నుంచే తడపాలి. నీళ్లు తాగడం ఆపాక, పైన తడి మెరుపు పోయాక పూయాలి. ఒక్కో పొర 12 మిల్లీమీటర్లు దాటకూడదు, మందంగా కావాలంటే రెండు మూడు పొరలు. ఒక్కో పొర బొటనవేలు నొక్కితే గుర్తు పడనంత గట్టిపడ్డాక గీతలు పెట్టి తర్వాతి పొర వేయాలి. ఆ తర్వాత తడి గోనెపట్టాలు కట్టి కనీసం ఏడు రోజులు ఆరకుండా చూసుకోవాలి. సున్నం గట్టిపడాలంటే గాలీ కావాలి, తడీ కావాలి. మన హైదరాబాద్‌లో ఏప్రిల్, మే ఎండల్లో పూస్తే నీళ్లు ఆవిరైపోతాయి గానీ సున్నం గట్టిపడదు, చేత్తో రుద్దితే పిండి రాలుతుంది. వానలు తగ్గాక అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. గట్టిదనం లోపలికి నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున దిగుతుంది, అందుకే మందపు పూతకు ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.

బెల్లం, కరక్కాయ సంగతి కెమిస్ట్రీ వాళ్లు చెబితే బాగుంటుంది.

కెమిస్ట్రీ_క్లాసు:
చెబుతాను. బెల్లంలోని చక్కెర సున్నాన్ని నీళ్లలో ఎక్కువగా కరిగేలా చేస్తుంది, ముద్దకు తక్కువ నీటితోనే జారుడు వస్తుంది. నీళ్లు తక్కువైతే బీటలు తక్కువ. కరక్కాయ దంచి బెల్లం నీళ్లలో కొన్ని రోజులు పులియబెట్టి, వడకట్టి, ఆ నీళ్లతో కలుపుతారు. అతిగా పోస్తే మాత్రం గచ్చు ఎన్నాళ్లకూ గట్టిపడదు. ఇంకాస్త గట్టిగా ఉంటుందని రెట్టింపు బెల్లం వేయడం మామూలుగా జరిగే పొరపాటు. ముందు చిన్న చదరం పూసి, ఆరనిచ్చి చూసుకుని, తర్వాతే గోడెక్కించాలి.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న సంగతి కాదు. చైనాలో మింగ్ వంశం నాటి గోడల సున్నంలో జిగురు బియ్యపు గంజి కలిపారు. గంజిలోని అమైలోపెక్టిన్ అనే పిండి పదార్థం సున్నపు స్ఫటికాలను సన్నగా, దగ్గరదగ్గరగా పెరిగేలా ఆపుతుంది. రోమన్లు సున్నంలో అగ్నిపర్వతపు బూడిద కలిపారు. మనం కలిపే సుర్కీ చేసే పని కూడా అదే. కాలిన మట్టిలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి తడిలో కూడా గట్టిపడతాయి. రోములో పాంథియన్ గుమ్మటం 43 మీటర్ల వెడల్పుతో లోపల ఇనుప చువ్వ లేకుండా ఇప్పటికీ నిలిచి ఉందంటే ఆ బూడిద పాత్ర చాలా ఉంది. ఇటుక పొడి బాగా కాలిన మామూలు ఇటుకది కావాలి, అతిగా కాలి నల్లబడి గాజులా మారిన ఇటుక పొడి ఇసుకలా పడి ఉంటుంది గానీ సున్నంతో కలవదు.

పాత గచ్చులో సున్నం ఎంతో తేల్చే పద్ధతి కూడా రాస్తున్నాను. రాలి పడిన ముక్క తీసుకుని, ఇసుక రేణువులు నలగకుండా చిదిపి, ఎండబెట్టి 50 గ్రాములు తూచండి. 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొద్దికొద్దిగా పోస్తూ పొంగు ఆగేదాకా ఉంచండి. వడకట్టి, కడిగి, ఆరబెట్టి మిగిలింది తూచండి. 35 గ్రాములు మిగిలిందనుకుందాం. పోయిన 15 గ్రాములు కాల్షియం కార్బొనేట్. దాన్ని 100కి 74 చొప్పున నానిన సున్నంగా మారిస్తే సుమారు 11 గ్రాములు. అంటే బరువులో సున్నం 1కి ఇసుక 3 చిల్లర. మన ఇసుక గ్రానైటు నుంచి వచ్చింది కాబట్టి యాసిడ్‌లో కరగదు, లెక్క నమ్మొచ్చు. సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇసుకలో గవ్వల పొడి ఉంటుంది, అది కూడా కరిగి సున్నం ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది.

గుల్జార్‌హౌజ్:
శానా మంచిగ చెప్పిర్రు. మరి ఇనుముతోని కట్టినవి? ఈఫిల్ టవర్‌కు, లిబర్టీ విగ్రహానికి సున్నం లొల్లి లేదు గద.

రివెట్:
సున్నం లేదు, కానీ పక్కపక్కన సరిపడని వస్తువులు పెట్టిన లొల్లి అక్కడా ఉంది.

లిబర్టీ విగ్రహం 1886ది. బయట కనిపించేది రాగి రేకు, మందం 2.4 మిల్లీమీటర్లే. ఆ రేకును లోపల నుంచి మోసేది ఇనుప పట్టీల చట్రం. పట్టీని రేకుకు నేరుగా బిగించలేదు, పట్టీ మీదుగా రాగి బిళ్ల వేసి, ఆ బిళ్లను రేకుకు రివెట్లతో, అంటే కొస చితక్కొట్టి బిగించే మేకులతో బిగించారు. ఎండకు రేకు సాగినప్పుడు పట్టీ ఆ బిళ్ల కింద జరగాలని. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. రాగి, ఇనుము తాకితే ప్రమాదమని కట్టినవాళ్లకు తెలుసు, మధ్యలో లక్క పట్టించిన ఆస్బెస్టాస్ పెట్టారు. చుట్టూ సముద్రం. ఉప్పు తడి చేరి ఆ పొర పాడైంది. రాగి, ఇనుము, ఉప్పు నీళ్లు కలిస్తే బ్యాటరీ సెల్లే. అందులో తినబడేది ఇనుము. తుప్పు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పట్టీ ఉబ్బి బిళ్ల కింద బిగుసుకుపోయింది. జరగాల్సింది జరగక రివెట్లను రాగి రేకులోంచి ఊడబెరికింది.

1984 నుంచి 1986 దాకా 1,800కు పైగా పట్టీలను 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో మార్చారు. ఒక్కో పట్టీ ఒక్కో వంపు, ఏ రెండూ ఒకేలా ఉండవు. పాతది విప్పి, దాని అచ్చు ప్రకారం కొత్తది వంచి, వంచడంలో పేరుకున్న ఒత్తిడి పోయేలా మళ్లీ కాల్చి బిగించారు. రేకు రూపు చెడకుండా ఒకేసారి కొన్ని పట్టీలు మాత్రమే విప్పారు. రాగికీ స్టీలుకీ మధ్య ఈసారి టెఫ్లాన్ పట్టీ. అది తడి పీల్చదు, జారుడు కూడా ఇస్తుంది.

ఆ పనిలోనే ఒకచోట దెబ్బ తగిలింది. రేకు లోపలి వైపు పేరుకున్న తారు తీయడానికి వంటసోడా పొడిని గాలి ఒత్తిడితో కొట్టారు. రాగికి గీత పడకూడదని మెత్తటి పొడి ఎంచుకోవడం మంచి ఆలోచనే. కానీ అది రివెట్ కన్నాల్లోంచి, అతుకుల్లోంచి బయటికి కారి, బయటి ఆకుపచ్చ పొర రంగును మార్చేసింది. నీళ్లతో కడుగుతూ ఉండాల్సి వచ్చింది. లోపల పని చేసేటప్పుడు బయట ఎక్కడ కారుతుందో చూసుకోవాలి, ఇది మన మిద్దె మీద వాటర్‌ప్రూఫింగ్‌కీ వర్తిస్తుంది.

ఈఫిల్ టవర్ (1889) సంగతి వేరు. 18,038 ముక్కలు, 25 లక్షల రివెట్లు, చట్రం బరువు 7,300 టన్నులు. అంతా ఇనుమే, వేరే లోహంతో గొడవ లేదు. శత్రువు తడి ఒక్కటే, మందు రంగు ఒక్కటే. సుమారు ఏడేళ్లకోసారి, 60 టన్నుల రంగు, ఇప్పటికీ చేతి బ్రష్షుతో. స్ప్రే కొడితే ఆ జాలీలో సగం గాలికి పోతుంది, అదీగాక రివెట్ తల చుట్టూ, రెండు పలకలు కలిసే సందులో రంగు దిగదు. తుప్పు పుట్టేది సరిగ్గా ఆ సందులోనే. సందులో తుప్పు పుడితే పలకలను విడదీసేంత బలంతో ఉబ్బుతుంది. అందుకే గీకడం, బ్రష్ చేయడం, తుప్పు ఆపే ప్రైమరు, ఆపైనే రంగు. కింద ముదురు, పైన లేత ఛాయ వేస్తారు, ఆకాశం ముందు టవర్ అంతా ఒకే రంగులా కనిపించాలని. పాత పూతల్లో సీసం ఉండటం వల్ల ఈమధ్య గీకుడు పని బాగా నెమ్మదించింది. సీసం ధూళి గాలిలోకి పోకుండా ఆ భాగాన్ని మూసి పని చేయాలి మరి. గోల్డెన్ గేట్ వంతెన (1937) మీద కూడా 1965 నుంచి 1995 దాకా ఇదే పని నడిచింది. సీసపు రంగు తీసి జింక్ ప్రైమరు, దానిపైన ఇప్పుడున్న నారింజ రంగు.

రాతిపని:
రివెట్ గారు చెప్పిన తుప్పు ఉబ్బుడే ఏథెన్స్‌లో పార్థినాన్ గుడిని చీల్చింది. అది వింటే గుల్జార్‌హౌజ్ అన్న సిమెంటు ప్రశ్నకు పూర్తి జవాబు దొరుకుతుంది.

పార్థినాన్ క్రీస్తుపూర్వం 447లో మొదలైంది. పాలరాతి దిమ్మెల మధ్య సున్నం లేదు, ఏమీ లేదు, రాయి మీద రాయి. పక్క దిమ్మెలను కలిపేది ఇనుప కొక్కేలు. రాతిలో గాడి చెక్కి, కొక్కెం పెట్టి, చుట్టూ కరిగించిన సీసం పోశారు. సీసం రెండు పనులు చేసింది. తడిని ఇనుము దాకా రానివ్వలేదు, భూకంపం వస్తే మెత్తగా నలిగి రాయిని కాపాడింది. 1687లో వెనీస్ సైన్యం కొట్టిన గుండుకు లోపలి మందుగుండు పేలి మధ్య భాగం కూలింది.

తర్వాత 1898 నుంచి 1933 దాకా ఇంజినీరు నికోలాస్ బలానోస్ ఆధ్వర్యంలో పడిపోయిన దిమ్మెలను మళ్లీ నిలబెట్టారు. కొత్త ఇనుప కొక్కేలు వాడారు, సీసం మాత్రం పోయలేదు. కొన్ని దశాబ్దాల్లోనే కొక్కేలు తుప్పుపట్టి ఉబ్బి పాలరాతిని పగలగొట్టాయి. రెండు వేల ఏళ్లు నిలిచిన రాయి అది. 1975 తర్వాత మొదలైన పనిలో ఎక్కువ వంతు ఆ ఇనుమును వెతికి తీయడమే. ఇప్పుడు టైటేనియం వాడుతున్నారు.

మన గచ్చు నగిషీకీ ఇదే వర్తిస్తుంది. ఊడిన పువ్వునో, రేకునో మళ్లీ నిలబెట్టేటప్పుడు లోపల ఇనుప మేకు కొట్టి సున్నం పూసేస్తే, ఆ మేకే పది పదిహేనేళ్లలో తుప్పు మరకతో పైకి తేలుతుంది, ముక్క మళ్లీ పడుతుంది. స్టెయిన్‌లెస్ లేదా ఇత్తడి పిన్నులు, రాగి తీగ వాడాలి.

ఆర్‌సీసీ:
ఒక్క నిమిషం. పైన సున్నపుబట్టీ గారు మెత్తటిదే మంచిది, గట్టిది పనికిరాదు అన్నారు. టైటేనియం, స్టెయిన్‌లెస్ రెండూ పాత ఇనుముకన్నా గట్టివే కదా? మరి అక్కడ గట్టిది ఎందుకు చెల్లింది? సిమెంటును మాత్రమే దోషిని చేస్తున్నట్టుంది.

రాతిపని:
సరైన ప్రశ్న సార్. అడగాల్సింది ఏది గట్టిది అని కాదు, కదలిక వచ్చినప్పుడు ముందు ఏది పోతుంది అని. పార్థినాన్‌లో టైటేనియం కొక్కేల మందం లెక్క వేసి పెడతారు. మితిమీరిన బలం పడితే కొక్కెమే ముందు వంగాలి, పాలరాయి పగలకూడదు. వంగిన కొక్కెం మార్చుకోవచ్చు, క్రీస్తుపూర్వపు పాలరాయిని మార్చుకోలేం. పైగా టైటేనియం తుప్పు పట్టదు, ఎండకు సాగేది ఇనుముకన్నా తక్కువ. సిమెంటు పూతలో ఈ లెక్క తిరగబడుతుంది. పాత గచ్చు ముందు పోతుంది, సిమెంటు మిగులుతుంది.

సిమెంటు కట్టడానికి సిమెంటే సరైన మందు. సిడ్నీ ఒపెరా హౌస్‌కు ఎవరూ సున్నం పూయరు.

పలకలు:
సిడ్నీ పేరు వచ్చింది కాబట్టి చెబుతాను. 1973లో తెరిచిన ఆ పైకప్పుల మీద 10,56,006 పలకలున్నాయి, తెల్లటి మెరుపువి కొన్ని, మీగడ రంగు మెరుపులేనివి కొన్ని. వంపు కప్పు మీద ఒక్కొక్క పలకా అతికించలేదు. నేల మీదే అచ్చుల్లో పలకలు బోర్లా పరిచి వెనక కాంక్రీటు పోసి, 4,253 పెద్ద పలకల చట్రాలు తయారుచేసి పైన బిగించారు. అన్ని కప్పులూ ఒకే గోళంలోంచి కోసిన ముక్కలు కాబట్టి వంపు అంతటా ఒకటే, అచ్చులు మళ్లీ మళ్లీ వాడుకోగలిగారు. చట్రానికీ చట్రానికీ మధ్య సందు వదిలి సాగే సీలెంటు పెట్టారు. ఎండ కదలికంతా ఆ సందులోనే తీరాలి. సీలెంటు ఎండిపోతే నీళ్లు కాంక్రీటులోకి దిగుతాయి, అందుకే దాన్ని కాలానుగుణంగా మార్చాలి.

పరీక్ష మాత్రం మన మేస్త్రి పరీక్షే. తాళ్ల మీద వేలాడుతూ పలకలను చిన్న సుత్తితో తట్టి శబ్దం వింటారు. గట్టి శబ్దం వస్తే పట్టు ఉంది, డొల్లగా మోగితే పట్టు వదిలింది.

రియోలో క్రీస్తు విగ్రహం (1931, 30 మీటర్లు) కూడా కాంక్రీటే, పైన సబ్బురాయి ముక్కలు మొజాయిక్‌లా అతికించారు. సబ్బురాయి మెత్తనిది, చెక్కడం తేలిక, వానకు ఎండకు తట్టుకుంటుంది. కొండ కొసన ఉంది కాబట్టి పిడుగులు తప్పవు. 2014 జనవరిలో పిడుగు పడి కుడిచేతి బొటనవేలి కొస విరిగింది. పిడుగు వాహకాలు ఉన్నా, చాచిన వేళ్ల కొసలకు వాటి రక్షణ చాలలేదు.

గుల్జార్‌హౌజ్:
పీసా టవర్ గురించి ఎవ్వరు చెప్పలే. గది ఒరిగింది గద, నిలబెట్టొచ్చు గద సక్కగ?

మట్టిపరీక్ష:
సక్కగ నిలబెట్టాలని ఎవరూ అనుకోలేదు అన్నా, ఒరుగుడు ఆగితే చాలనుకున్నారు. అది నా సబ్జెక్టు, కొంచెం పొడుగ్గా రాస్తాను.

1173లో మొదలుపెట్టారు, బరువు 14,500 టన్నులు, కింద మెత్తటి బంకమన్ను. కొన్ని అంతస్తులు లేచాక పని దాదాపు వందేళ్లు ఆగింది. ఆ ఆగుడే టవర్‌ను బతికించింది. బరువుకు బంకమన్నులోని నీళ్లు నెమ్మదిగా బయటికి పోయి నేల గట్టిపడే వ్యవధి దొరికింది. ఏకబిగిన కట్టి ఉంటే అప్పుడే కూలేది.

1934లో పునాదిలోకి రంధ్రాలు వేసి సిమెంటు ద్రవం ఎక్కించారు, టవర్ ఇంకాస్త ఒరిగింది. ఇక్కడా సిమెంటే. 1990 జనవరిలో జనాన్ని ఎక్కనివ్వడం ఆపేశారు, అప్పటికి ఒరుగుడు దాదాపు 5.5 డిగ్రీలు. 1993లో ఉత్తరం వైపు పునాది మీద 600 టన్నుల సీసం దిమ్మెలు పేర్చారు. ఎత్తుగా లేచిన వైపు బరువు పెట్టి కిందికి దించడమన్నమాట. ఒరుగుడు కొంచెం వెనక్కి వచ్చింది. ఆ సీసం చూడ్డానికి బాగాలేదని, దాని బదులు భూమిలోకి ఉక్కు తాళ్లు దింపాలనుకుని 1995లో నేలను ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం మొదలుపెట్టారు. టవర్ ఒక్కసారిగా దక్షిణానికి కదిలింది. వెంటనే పని ఆపి సీసాన్ని 900 టన్నులకు పెంచారు.

చివరికి నెగ్గింది అన్నిటికన్నా నెమ్మది పద్ధతి. 1999 నుంచి 2001 మధ్య ఉత్తరం వైపు పునాది కిందికి వాలుగా గొట్టాలు దింపి, లోపలి మరతో కొద్దికొద్దిగా మట్టి తీశారు. తీసిన ఖాళీ దానంతటదే కూరుకుపోతుంది, ఆ వైపు పునాది వెంట్రుకవాసి దిగుతుంది. కొలతలు చూసుకుంటూ, ఏ గొట్టంలో ఎంత తీయాలో ఎప్పటికప్పుడు తేల్చుకున్నారు. మొత్తం తీసింది 38 ఘనమీటర్లే, నాలుగైదు టిప్పర్ల మట్టి. పై కొస సుమారు 45 సెంటీమీటర్లు వెనక్కి వచ్చింది, ఒరుగుడు 4 డిగ్రీల దగ్గరికి చేరింది. 2001 డిసెంబరులో మళ్లీ తెరిచారు. కింది మట్టి మాత్రమే తీసి ఒరుగుడు తగ్గించారు, నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చేది అదే.

మన దగ్గర ఒరిగిన పాత మినార్‌ను చూసి పునాది చుట్టూ సిమెంటు గ్రౌటింగ్, అంటే రంధ్రాల్లోంచి సిమెంటు ద్రవం ఎక్కించడం చేద్దామనే సలహా తరచూ వినిపిస్తుంది. ఒరుగుడు ఇంకా పెరుగుతోందా, ఎప్పుడో ఆగిపోయిందా అన్నది ముందు తేలాలి. కనీసం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం కొలిచి చూడకుండా పునాది ముట్టుకోకూడదు. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది, ఆ ఊగుడును ఒరుగుడు అనుకునే ప్రమాదం ఉంది.

కోఠి_నుంచి:
తాజ్‌మహల్‌కు ముల్తానీ మట్టి పూస్తారంటారు, నిజమేనా?

కెమిస్ట్రీ_క్లాసు:
నిజమే. మట్టిని మెత్తటి ముద్దలా కలిపి పాలరాయి మీద సుమారు 2 మిల్లీమీటర్ల మందం పూసి, వెంటనే ఆరిపోకుండా పాలిథీన్ కప్పుతారు. ఆరేటప్పుడు ఆ మట్టి రాతి రంధ్రాల్లోని మసిని, జిడ్డును తనలోకి లాక్కుంటుంది. తర్వాత మెత్తటి నైలాన్ బ్రష్షు, డిస్టిల్డ్ వాటర్‌తో కడుగుతారు. యాసిడ్ వాడితే ఒక్క నిమిషంలో తెల్లగా అవుతుంది గానీ పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే, పైపొర కరిగి గరుకు తేలుతుంది, ఆ గరుకులో దుమ్ము ఇంకా తొందరగా పట్టుకుంటుంది. ఇళ్లలో పాలరాతి గద్దెలు బాత్రూమ్ క్లీనర్‌తో కడిగాక కళ తప్పేది కూడా ఇందుకే.

రాతిపని:
ఇంకో మార్గం ఉంది, కట్టడాన్నే జరపడం. ఈజిప్టులో అబూ సింబెల్ గుళ్లను 1964 నుంచి 1968 మధ్య ముక్కలుగా కోసి, 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి జరిపారు. అది కొండలో తొలిచింది కాబట్టి కోత తప్పలేదు. మన శ్రీశైలం ముంపులో కూడలి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించిన పని వేరు. రాళ్లు మొదటి నుంచీ విడివిడిగా పేర్చినవే, ప్రతి రాయికీ నంబరు వేసి విప్పి, అదే వరుసలో మళ్లీ పేర్చాలి. నంబరును రాతి ముఖం మీద కాకుండా పైకి కనిపించని వైపు వేయాలి. పాతరాయి ఎంత బరువైనా మోయొచ్చు, వరుస తప్పితే మాత్రం మళ్లీ విప్పాల్సిందే.

గుల్జార్‌హౌజ్:
ఆఖరుకు ఒకటి అడుగుత. పాత బస్తీల శానా ఇండ్లు సున్నం గోడలే. మీద ఉన్న పూత సున్నమా సిమెంటా ఎట్ల గుర్తుపట్టాలె? చార్మినార్ దగ్గరి ఇండ్లకు మనమే పని పెట్టుకోవచ్చునా?

సున్నపుబట్టీ:
గుర్తుపట్టడానికి ఇంటి గోడ మీద మూడు పనులు చెయ్ అన్నా. మేకు కొసతో గీకితే సున్నం తెల్లటి పొడిగా లేదా, సుర్కీ ఉంటే, లేత ఎర్రగా రాలుతుంది. సిమెంటు మీద సన్నటి బూడిదరంగు గీత పడుతుంది అంతే. నీటి చుక్క వేస్తే సున్నం వెంటనే తాగుతుంది, సిమెంటు మీద చుక్క జారుతుంది లేదా చాలాసేపు నిలుస్తుంది. గోడ పైన రంగు ఉంటే ఈ పరీక్ష నడవదు, రంగు గీకి చూడాలి. యాసిడ్ పరీక్షను మాత్రం దీనికి నమ్మొద్దు, పాత సిమెంటు కూడా పొంగుతుంది.

ఈ గీకుడు, నీళ్ల పరీక్షలు ఇంటి వరకే. చార్మినార్ మీద గానీ, ఇంకే రక్షిత కట్టడం మీద గానీ చేయకూడదు, 1958 నాటి ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం కింద నేరం. 2010 సవరణ తర్వాత కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధ ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 100 మీటర్లలో కొత్తగా కట్టడానికి లేదు, పాత ఇంటి మరమ్మతుకు కూడా ముందే అనుమతి తీసుకోవాలి. నియంత్రిత ప్రాంతంలో రెండింటికీ అనుమతి కావాలి. దరఖాస్తుతో పాటు గోడ ఫొటోలు, ఏ భాగంలో ఏ పూత తీసి ఏది వేస్తారో రాసిన కాగితం జతచేయండి. గోడ మీద రావి మొక్క ఉంటే దాన్ని ఇప్పుడే పెరకకండి, వేరుతో పాటు రాయి వస్తుంది. కాండం కోసి, వేరు పూర్తిగా ఎండాక సున్నం పని మొదలుపెట్టించండి.